ఇల్లాలి దలాలి

"నాకొక దలాలి కావాలె," అన్నది అనసూర్య, బర్రె పొదుగు దగ్గర గొంతుకూర్చుని, రెండు మోకాళ్ల మధ్య చెంబు నొక్కిపట్టి.

గుడిసె ముందు వేపపుల్ల నములుతున్న సదయ్యకు అది "హమాలి కావాలె" అని వినబడింది. తప్పు సదయ్యది కాదు, చెవిది. పద్నాలుగేళ్లుగా బొగ్గుబాయిలో తూటాలు పేలే చోట డ్యూటీ చేసిన చెవి అది. గోదావరిఖనిలో బాయి అంటే గనే. నీళ్ల కోసం దిగేది కాదు, నీళ్లు తాగి బతకడం కోసం దిగేది. ఆ బాయిలో సదయ్య టింబర్‌మన్. తోటివాళ్ల నెత్తిన కప్పు కూలకుండా దుంగలు నిలబెడతాడు. అంత బరువు ఆపగలిగినవాడు ఇంటి ఆడమనిషి నోటినుంచి జారిన ఒక్క మాటను సరిగ్గా పట్టుకోలేకపోయాడు.

"హమాలి ఎందుకే?" అన్నాడు పుల్ల పక్కకు తీసి ఉమ్మి. "నువ్వున్నవ్ గద!"

నవ్వులాటకు అన్నా బాగుండేది. సదయ్య నిజంగానే అన్నాడు. కొనబోయే ఇంటికి మారాలంటే సామాను మొయ్యాలి, సామాను మొయ్యాలంటే అనసూర్య ఉంది, మధ్యలో హమాలి దండుగ. లెక్క తప్పలేదు. ఆ లెక్క తప్పుగా లేకపోవడమే అనసూర్యకు కాలింది. పొద్దున నల్లా దగ్గర వరసలో నిలబడి మోసేది తనే. బొగ్గుపెళ్లల గంప తనే, బర్రెల గడ్డిమోపు తనే, అత్త మంచంపట్టిన నెల అత్తనూ తనే మోసింది. కడుపులో పిల్లను మోస్తూ కూడా నెత్తిన బిందె దించలేదు. హమాలికి నయం. మూటకింత అని కూలి ఉంటుంది, మూట దించిన చోట బీడీ తాగే తీరిక ఉంటుంది. ఇల్లాలికి మూటకు కూలి లేదు, మోసినంక మాట ఉంటుంది, అదీ పుల్లవిరుపు మాట. "నువ్వున్నవ్ గద." పదేళ్ల కాపురంలో తను ఉన్నట్టు మొగుడు గుర్తించింది ఇదిగో ఈ ఒక్క వాక్యంలోనే అనుకుంది.

సదయ్య అంతటితో ఆగినా సరిపోయేది. షిఫ్టుకు పోతూ దారిలో చెప్పుకుంటూ పోయాడు. పగటి భోజనం వేళకు డిపో దగ్గర మూటలు మోసే పోశం భుజాన తాడు వేసుకుని గుడిసె ముందు ప్రత్యక్షమయ్యాడు.

"సదయ్యన్న పెండ్లానికి హమాలి కావాలెనంట గద. సామాన్లు ఎన్నున్నయి అక్కా?"

"ఇల్లే కొనలేదు పోశం. సామాన్లు నీ నెత్తిమీదనే కాపురం పెట్టాలె," అన్నది అనసూర్య. చల్ల తాగించి, అడిగింది హమాలిని కాదు, బేరం చూసిపెట్టే దలాలిని అని చెప్పి పంపించింది.

ఆ మాట మంచం మీది అత్త కనకవ్వ చెవిన పడింది. కనకవ్వ చెవులు మాత్రం బాయిలో దిగినవి కావు.

"దలాలా? ఆడిదానికి దలాలి ఏందే? నలుగురు ఇంటె నవ్వుతరు. మనం కొనేది ఇల్లా, బర్రెనా?"

అనసూర్య చేతిలోని చీపురు ఆగింది. అత్త తిట్టబోయి నిజం చెప్పింది. పెద్దవాళ్లు అప్పుడప్పుడూ అట్లా పొరపాటు చేస్తారు.

బర్రెను కొన్నప్పుడు ఏం జరిగింది? ఆదివారం అంగడికి పోయారు. అమ్మేవాడికి వాడి దలాలి ఉన్నాడు. కొనేవాళ్లకు వీళ్ల దలాలి ఉన్నాడు. వీళ్ల దలాలి బర్రె నోరు తెరిచి పళ్లు చూశాడు, నడిపించి చూశాడు, పాలు పిండి చూశాడు. ఆ తర్వాత ఇద్దరు దలాలులూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి నొక్కి బేరం చేశారు. ఏ వేలు ఎంతో బయటివాళ్లకు తెలియదు. వీళ్ల దగ్గర ఎంతుందో అవతలివాడికి అసలే తెలియదు. పదేళ్లు పాలిచ్చి పోయే బర్రెకే కొనేవాళ్ల తరఫున ఒక మనిషి ఉంటే, చచ్చేదాకా ఉండాల్సిన ఇంటికి ఎందుకు ఉండొద్దు?

"మనకు నర్సింగం లేడా?" అంటాడు సదయ్య. ఎన్నిసార్లు అడిగినా అదే. నర్సింగం సదయ్య సొంతూరివాడు. ఒకప్పుడు బాయిలోనే చేసి, ఇప్పుడు పైన ఇళ్లూ జాగలూ కుదిర్చే పనిలో పడ్డాడు. "మా ఊరోడు, మనోడు" అని సదయ్య నమ్మకం. బుచ్చన్న కట్టి అమ్మకానికి పెట్టిన పెంకుటిల్లు చూపించింది ఆ మనోడే. మొదట ఒక ధర చెప్పాడు. ఒకనాడు కల్లు దగ్గర సదయ్య, "మా ఆడిది పాలమ్మి గింత కూడబెట్టింది," అని గొప్పగా చెప్పుకున్నాడు. తన పెళ్లాం కష్టం గురించి సదయ్య గొప్పలు పోయింది ఆ ఒక్కసారే, అదీ తగని చోట. వారం తిరిగేసరికి బుచ్చన్న ఇంటి ధర తాటిచెట్టు ఎక్కింది. ఎక్కి ఎక్కి, సరిగ్గా అనసూర్య పాలడబ్బు దాచిన ముంత ఎక్కడ కట్టి ఉందో అక్కడే ఆగింది.

ఆ ముంత ఏడేళ్లది. ఏడేళ్లుగా ఆమె కాలనీ క్వార్టర్ల మెట్లెక్కి పాలు పోసింది. ఇంటికింత పాలు పోసిన మనిషికి సొంత ఇంట్లో పాలు ఎంత అని ఎవరూ అడగలేదు. "బాయిల ప్రాణం పెట్టేది నేను, నీదేం పని, బర్రెలను చూసుడు," అనేవాడు సదయ్య. "నా కొడుకు నీడన బతుకుతున్నవ్," అనేది కనకవ్వ. ఆ నీడకు వానొస్తే కారే తాటాకు కప్పు తప్ప మరేమీ లేదు. క్వార్టర్ వస్తే సదయ్య పేరున వస్తుంది, డ్యూటీ దిగిన రోజు పోతుంది. కట్టుకున్నవాడు ఉన్నాడు గానీ కట్టుకున్న ఇల్లు లేదు. ఉండబోయే ఆ ఒక్క ఇల్లూ తన పాలడబ్బుతోనే వస్తుంది కదా, మరి దాన్ని చూడటానికి తన తరఫున ఒక్క మనిషి కూడా ఎందుకు పోలేదు? చివరికి తనే ఎందుకు పోలేదు? ఇల్లు చూడటానికి పోయిన రోజు సదయ్య, నర్సింగం, ఇంకో ఇద్దరు మగవాళ్లు పోయారు. తిరిగొచ్చి, "మస్తుగున్నది," అన్నారు. వాళ్లకు ఆమె చాయ పెట్టింది.

మర్నాడు పాలు పోయడం అయ్యాక అనసూర్య సమ్మవ్వ గుడిసెకు పోయింది. సమ్మవ్వ అంగడి దలాలి బిక్షం పెళ్లాం. బిక్షానికి చివరి పదేళ్లు చూపు ఆనలేదు. ఎడ్ల పళ్లు సమ్మవ్వ చూసేది, తువ్వాల కింద చెయ్యి ఆయన పట్టేవాడు. ఆయన పోయాక చెయ్యి కూడా ఆమే పట్టింది. మొదట్లో అంగడి నవ్వింది. ఆమె కొనిచ్చిన ఎద్దులు కుంటకపోయేసరికి నవ్వు కుంటింది.

"ఇల్లు నాకు రాదే పిల్లా. తోక లేనిది నాకెట్ల తెలుస్తది?" అన్నది సమ్మవ్వ తంబాకు నలుపుతూ.

"మోసం తెలుస్తది గద అవ్వా."

సమ్మవ్వ బోసినోటితో నవ్వింది. "అది తెలుస్తది. వయసు దాయ రాకిన ఎద్దుపండ్లయినా ఒకటే, పూత పూసిన గోడలయినా ఒకటే. అయితే ఒక్క మాట. నా దలాలి పైసలు నువ్వే ఇయ్యాలె. అమ్మేటోని చేతిల చాయ సుత తాగ. ఎవని చాయ తాగితే వాని మాట నోట్లెకు వస్తది."

"ఇస్త."

"నీ దగ్గర ఎంతున్నదో నాకు చెప్తవా?"

"చెప్త."

"నా ఒక్కదానికే చెప్పు. నీ మొగనికి గూడ ఇంకోసారి చెప్పకు. ఆయన మంచోడే. మంచోళ్ల నోరు చిల్లికుండ."

ఇద్దరూ సదయ్య షిఫ్టులో ఉన్నప్పుడు ఇల్లు చూడటానికి పోయారు. ఎవరూ ఉండని ఇల్లు, గొళ్లెం తీసుకుని లోపలికి పోయారు. ముందు రెండు అర్రలు, వెనక ఒక అర్ర, పక్కన ఖాళీ జాగ. గోడలు పెళ్లికొడుకు పంచెలా తెల్లగా ఉన్నాయి. సమ్మవ్వ ముక్కు ఎగబీల్చింది.

"కొత్త సున్నం. అంగట్ల ముసలెద్దు కొమ్ములకు రంగెందుకు వేస్తరో తెలుసా? ఎద్దుకు పండుగని కాదు." వెనక అర్రలో గోడ వెంట గోరు గీసుకుంటూ పోయింది. ఒకచోట సున్నం పెళ్ల ఊడి, లోపల పచ్చిమట్టి మెత్తిన నెర్రె బయటపడింది. నెర్రె చూస్తే నిలువెత్తు ఉంది. గోడకు సున్నం, కొనేవాడికి సున్న.

"ఇగ పక్కింటికి పా," అన్నది సమ్మవ్వ. "ఎద్దు గురించి ఎద్దునడగొద్దు, పక్క కొట్టం ఎద్దునడగాలె."

పక్కింట్లో బడి పంతులమ్మ సుసన్నా ఉంటుంది. పీట వేసి కూర్చోబెట్టి, అడిగిన మాటకు అడిగినంత చెప్పింది. "వెనక అర్ర ఉన్న జాగల మొదలు పెద్ద గుంత ఉండె అక్కా. బుచ్చన్న ఇటుకలకు మట్టి తవ్వుకున్న గుంత. ఇటుకలు అయిపోయినంక చెత్తాచెదారం పోసి బూడ్చి, దానిమీదనే అర్ర కట్టిండు. పోయిన వానాకాలం నేల దిగి గోడ పగిలింది. పదిహేను రోజులైతుంది సున్నం కొట్టి. ముందు రెండర్రలకు ఏం కాలేదు, అది గట్టి మొరం."

"మరి మా వాళ్లకు చెప్పకపోతివి పంతులమ్మా?"

"ఎవరడిగిండ్రు? వచ్చినోళ్లంత మగోళ్లు. గోడను చూసి పోయిండ్రు. గోడ పక్కన మనిషిని ఎవరూ అడగలేదు."

తిరిగి వస్తుంటే అనసూర్య మనసులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. ఇంత సులువా తెలుసుకోవడం! ఒక గోరు, ఒక ముక్కు, ఒక ప్రశ్న. తన తరఫున ఒక్క మనిషి ఉంటే చాలింది. ఇన్నాళ్లూ తను అందరి తరఫునా ఉంది. మొగుడి తరఫున అత్తతో, అత్త తరఫున మొగుడితో, పిల్లల తరఫున ఇద్దరితో. తన తరఫున ఎవరున్నారని వెతికితే బర్రెలు కనబడేవి. ఇవాళ తంబాకు కంపు కొట్టే ఒక ముసలమ్మ పక్కన నడుస్తుంటే, చాలా ఏళ్ల తర్వాత ఒక బరువును ఇద్దరు పట్టుకున్నట్టుంది.

ఆదివారం పొద్దున బుచ్చన్న అమ్మే ఇంటి ముందు చాప పరిచారు. బుచ్చన్న, నర్సింగం, కాగితం రాసే ఎల్లన్న, సాక్షులిద్దరు, తెల్ల అంగీలో సదయ్య. డబ్బు మూట అనసూర్య కొంగులో ఉంది కాబట్టి ఆమెనూ రమ్మన్నారు. ఆమె వెంట సమ్మవ్వ వచ్చింది, భుజాన ఎర్ర తువ్వాలతో.

"ఈమెందుకచ్చింది?" అన్నాడు బుచ్చన్న.

"నా దలాలి," అన్నది అనసూర్య.

చాప నవ్వింది. సదయ్య ఒక్కడు నవ్వలేదు. ఈసారి మాట సరిగ్గానే వినబడినట్టుంది. మొహం ఎర్రబడింది. "నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవేందే?" అన్నాడు పళ్ల సందున.

నర్సింగం నెమ్మదిగా అందుకున్నాడు. "నేనుండంగ ఇంకో దలాలి ఏందమ్మా? నేను మీ మనిషిని గాదా చెల్లె?"

"నర్సింగం, ఒక్క ముచ్చట చెప్పు," అన్నది సమ్మవ్వ చాప మీద చతికిలబడుతూ. "ఈ బేరం కుదిరితే నీ దలాలి ఎవరిస్తరు?"

"అమ్మేటోళ్లే ఇస్తరు. అందరు గట్లనే గద!"

"ధర ఎక్కువ పలికితే?"

"... నాకు గూడ జర ఎక్కువస్తది."

"తప్పంటలేను బిడ్డా. నీకూ పొట్ట ఉన్నది. నువ్వు ఆయన దలాలివి. ఆయనకు మంచిగ చేసినవ్. ఇగ ఈ పిల్లకు మంచిగ చేసేటోళ్లు ఎవరని అడుగుతున్న."

నర్సింగం తల గోక్కున్నాడు. మధ్యవర్తి అంటే మధ్యలో ఉండేవాడని సదయ్య ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ మధ్య ఎటు వాలి ఉందో ఇప్పుడు కనబడుతోంది.

అనసూర్య మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచింది, కోపానికి కాదు, చెవికి. "బాయిల కొత్త జాగల అడుగుపెట్టే ముందు ఏం చేస్తవ్?"

"కట్టెతోని కప్పును కొట్టి చూస్త."

"నీకు చప్పుడు ఇనరాదు గద?"

"ఇంకో చెయ్యి కప్పుకు ఆనిచ్చి పెడ్త. బోలు ఉంటే చేతికి గుయ్యిమంటది." తన పని గురించి అడిగితే సదయ్యకు కోపం కూడా మరుపుకొస్తుంది.

"రోజూ పదిమంది కోసం కొడ్తవ్. నీ పిల్లలు పండుకునే ఇంటిని కొట్టినవా?"

"ఇది ఇల్లే. బాయా?"

"మీద పడేటప్పుడు ఇల్లు నేను ఇల్లునని చెప్పి పడ్తదా?"

సదయ్య లేచాడు. మూలనున్న కర్ర అందుకుని ముందర్ర నేల కొట్టాడు, అరచెయ్యి ఆనించాడు. మంచిదే. రెండో అర్ర, మంచిదే. వెనక అర్రలో కొట్టి, మోకాళ్ల మీద వంగి, చెయ్యి పెట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మూలకు జరిగి కొట్టాడు. గడపలో నిలబడి బుచ్చన్న నవ్వుతూ, "మంచిగున్నది గద సదయ్యా?" అన్నాడు. నర్సింగం కూడా తల ఆడించాడు, ఔనను అన్నట్టు. నర్సింగం ఊరివాడు, స్నేహితుడు, ఇల్లు మంచిదని నలుగురిలో చెప్పినవాడు. ఔనంటే ఇజ్జత్ నిలుస్తుంది, పెళ్లాం నోరు మూతపడుతుంది. ఈ ఒక్క క్షణం ఆయన ఎవరి మనిషో తెలుస్తుంది.

సదయ్య అరచెయ్యి దులుపుకుని లేచాడు.

"బోలు," అన్నాడు. "కింద గట్టి లేదు. బాయిల అయితే నేను ఇక్కడ ఎవన్నీ నిలవడనియ్య."

ఈ విషయంలో టింబర్‌మన్‌కు అబద్ధం రాదు. వచ్చినవాళ్లు బాయిలోంచి రారు.

ఇటుకల గుంత సంగతి అనసూర్య చెప్పింది. సుసన్నా గోడ అవతలినుంచి, "ఔను, నేనే చెప్పిన," అన్నది ఎవరూ అడగకుండానే. బుచ్చన్న గడప దిగి మళ్లా చాప మీదికి వచ్చాడు. "అయితే ఏమంటరు?" అన్నాడు.

సమ్మవ్వ తువ్వాల విప్పి చెయ్యి చాచింది. "చెయ్యియ్యి. మాట్లాడుకుందాం."

"ఆడిదాని చేతిల చెయ్యా?"

"పెట్టు బిడ్డా, భయపడకు. నా చేతిల ధర దొరుకుతది గని పిల్ల దొరకదు."

ఈసారి చాప నవ్వింది బుచ్చన్నను చూసి. బుచ్చన్న నర్సింగాన్ని చూశాడు. నర్సింగం ఆకాశాన్ని చూశాడు. తువ్వాల కింద రెండు చేతులు కలిశాయి. వేళ్లు కనబడలేదు గానీ బుచ్చన్న మొహం కనబడింది. కనుబొమలు ఎగిరాయి, దిగాయి, మీసం వణికింది, ఒకసారి చెయ్యి లాక్కోబోయాడు, ముసలి చెయ్యి వదల్లేదు. వేళ్లు నొక్కుతూనే సమ్మవ్వ చెబుతోంది: వెనక అర్రకు ధర లేదు, దాన్ని పడగొట్టి కొట్టం వేసుకునే ఖర్చు ధరలోనే పోవాలి. పక్క ఖాళీ జాగ ఇంటితో రావాలి, రెండు బర్రెలు నిలబడాలి. చాలాసేపటికి బుచ్చన్న భుజాలు కిందికి దిగాయి. వాటితోపాటు ధరా దిగింది. సమ్మవ్వ తువ్వాల దులిపి భుజాన వేసుకుని, అనసూర్య చెవిలో ఒక్క మాట చెప్పింది. మొదట నర్సింగం చెప్పిన ధర కంటే కూడా తక్కువ.

"రాయిన్రి," అన్నాడు బుచ్చన్న చేతివేళ్లు రుద్దుకుంటూ.

ఎల్లన్న కాగితం తొడమీద పెట్టుకుని, కలం సిరాలో ముంచి, అమ్మేవాళ్ల వివరాలు రాసి, చదువుతూ రాయసాగాడు. "కొనువారు... సదయ్య, తండ్రి పేరు..."

సదయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆగు ఎల్లన్నా," అన్నది అనసూర్య.

కలం ఆగింది. ఆమె చాప మీదికి వచ్చి కూర్చుంది. మగవాళ్లు కూర్చున్న చాప మీద ఆమె కూర్చోవడం అదే మొదలు. కొంగు ముడి విప్పి మూట ముందు పెట్టింది, చెయ్యి మాత్రం దాని మీదనే ఉంచింది.

"ఏందే ఇది," అన్నాడు సదయ్య, ఈసారి కోపంగా కాదు, గాభరాగా. "ఇల్లు మొగోని పేరుననే ఉంటది గద!"

"ఎందుకుంటది?"

ఎల్లన్న కలం చివర సిరాబొట్టు పడాలా వద్దా అని వేలాడుతోంది.

"మీ అందరికీ ఒక్క పొరపాటైంది, చెప్తున్న, ఇన్రి," అన్నది అనసూర్య, చాప మీదివాళ్లకే కాదు, గోడ అవతల సుసన్నాకు, దారినపోతూ ఆగినవాళ్లకు కూడా వినబడేటట్టు. "నర్సింగమన్న మా మనిషని మేమనుకున్నం. ఆయన బుచ్చన్న మనిషి. మా ఆయన కొనేటోడని మీరందరు అనుకున్నరు. ఈ ముచ్చట మొదలైనప్పటిసంది ధర ఆయనకే చెప్పిన్రు, గోడలు ఆయనకే చూపిన్రు, చాయ ఆయనకే పోసిన్రు. మీ తప్పు గాదు, ఆయన గూడ గట్లనే అనుకున్నడు. ఆయన ఈ ఇంట్ల ఉండెటోడు. పైకం నాది, దలాలి నాది, కొనేటిది నేను. ఆ పేరు కొట్టేసి మళ్ల రాయి ఎల్లన్నా. ముందుగాల అనసూర్య అని రాయి. ఎవరి పెండ్లాన్నో, జాగ మిగిలితే రాద్దువుగని."